వలస పిట్టలతో వసంతాన్ని లెక్కగట్టడం: పాలమూరు, నల్లగొండ చెరువుల దగ్గర పనికొచ్చే పద్ధతి

ఐరోపా పల్లెల్లో తోక చీలిన వానకోయిల (స్వాలో) కనిపిస్తే చలికాలం అయిపోయినట్టు లెక్క. అదే వానకోయిల మన దగ్గర ఆగస్టు చివర్లోనో సెప్టెంబర్లోనో కరెంటు తీగల మీద వరుసగా కూర్చుంటుంది, ఏప్రిల్ వచ్చేసరికి కనిపించకుండా పోతుంది. వాళ్ళకు దాని రాక గుర్తు, మనకు దాని పోక గుర్తు. నల్లగొండలో గానీ పాలమూరులో గానీ వలస పిట్టలతో వసంతాన్ని పట్టుకోవాలనుకునేవాళ్ళు ముందు ఈ తిరకాసును ఒప్పుకోవాలి. "ఈ ఏడాది మొదటిసారి ఎప్పుడు చూశాం" అని కాదు, "ఆఖరుసారి ఎప్పుడు చూశాం" అని రాసుకోవాలి. మొదటిసారి చూడడం తేలిక, ఎదురుపడితే చాలు. ఆఖరుసారి అన్నది పిట్ట పోయాక కూడా కొన్నాళ్ళు చెరువు దగ్గరికి పోతేనే తేలుతుంది. పద్ధతి అంతా దాని చుట్టే ఉంటుంది.

తిథి పక్కన కాదు, కార్తె పక్కన రాయండి

చాలామంది ఉగాదిని ఆనవాలుగా పెట్టుకుని "ఉగాదికి వారం ముందు బాతులు పోయినయి" అని రాసుకుంటారు. ఈ లెక్క రెండో ఏటికే చెడిపోతుంది. 2023లో ఉగాది మార్చి 22, 2024లో ఏప్రిల్ 9, 2025లో మార్చి 30, 2026లో మార్చి 19. మూడు వారాల దాకా అటూ ఇటూ జరిగే పండుగ పక్కన పెడితే, పిట్టలు ఒక ఏడు ముందు, ఒక ఏడు ఆలస్యంగా పోయినట్టు కనబడతాయి. నిజానికి జరిగింది పండుగ, పిట్టలు కాదు. "శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుంది" అన్న మాటకూ ఇదే చిక్కు: 2025లో శివరాత్రి ఫిబ్రవరి 26, 2026లో ఫిబ్రవరి 15.

వలస పిట్టకు పగటి పొడవూ, ఒంట్లో ఏడాది పొడుగునా నడిచే గడియారమూ దారి చూపిస్తాయి. మన దగ్గర డిసెంబర్ చివర్లో పగలు సుమారు 11 గంటలుంటే, మార్చి మూడో వారానికి 12 దాటుతుంది. అది సూర్యుడి లెక్క. రైతుల కార్తెలు కూడా సూర్యుడి లెక్కే, అందుకే అవి ప్రతి ఏడూ అదే తేదీకి ఒక రోజు తేడాతో వస్తాయి. నోట్‌బుక్ మొదటి పేజీలో ఇవి రాసిపెట్టుకోండి: ధనిష్ఠ ఫిబ్రవరి 6, శతభిషం 19, పూర్వాభాద్ర మార్చి 4, ఉత్తరాభాద్ర మార్చి 17 లేదా 18, రేవతి 31, అశ్విని ఏప్రిల్ 13 లేదా 14, భరణి 27, కృత్తిక మే 11, రోహిణి 25, మృగశిర జూన్ 7 లేదా 8. ఈ పది కార్తెలు చాలు.

చెరువులు రెండుండాలి

ఒక్క చెరువును చూసి వలస అని రాస్తే తప్పు రాసినట్టే. యాసంగి వరికి తూము తెరిచాక ఊరి కుంట జనవరి నుంచే తగ్గడం మొదలవుతుంది. నీళ్ళు మోకాలి లోతుకు వచ్చేసరికి బాతులు అక్కడ నిలవవు, పక్కనున్న పెద్ద నీళ్ళకు మారతాయి. చూసేవాళ్ళకు అవి "పోయినట్టే" కనబడతాయి, కానీ పోయింది సైబీరియాకు కాదు, ఇరవై కిలోమీటర్ల అవతలికి.

కాబట్టి ఎండిపోయే చెరువు ఒకటి, వేసవిలోనూ నీళ్ళుండే జలాశయం ఒకటి ఎంచుకోండి. నల్లగొండ దిక్కున పానగల్లు ఉదయసముద్రం, డిండి జలాశయం, పాలమూరు దిక్కున కోయిల్‌సాగర్, సరళాసాగర్, రామన్‌పాడు, జూరాల వెనుక నీళ్ళు రెండో రకానికి పనికొస్తాయి. మొదటి రకం మీ ఊరి కుంటే. రెండింటి మధ్య బండి మీద గంటలోపు పోగలిగే దూరం ఉంటే అదే పొద్దున రెండూ చూడొచ్చు. కుంటలో బాతులు తగ్గి జలాశయంలో పెరిగితే అది నీళ్ళ మార్పిడి. రెండు చోట్లా ఒకే వారంలో తగ్గితే అది వలస. ఇంతకన్నా నమ్మకమైన పరీక్ష లేదు.

కుంటను ఎంచుకునేటప్పుడు అంచులు చూడండి. పూడిక తీసి గట్టు నిట్టనిలువుగా కోసిన చోట ఉల్లంకి పిట్టలు దిగవు. వాటి కాళ్ళకు ఒకటి రెండు అంగుళాల నీళ్ళు, మెత్తని బురద కావాలి. శిఖం (నీళ్ళు తగ్గితే బయటపడే చెరువు లోపలి నేల) వైపు నీళ్ళు పల్చగా పరుచుకునే చోటుంటే, లోతు కట్ట పక్కన ఉన్నా, అన్ని రకాలూ ఒకే చెరువులో దొరుకుతాయి.

ఎక్కడ నిలబడాలి, ఎట్లా లెక్కపెట్టాలి

ఎండ వీపుకు తగలాలి. కట్ట చెరువుకు తూర్పున ఉంటే పొద్దున కట్ట మీది నుంచే చూడొచ్చు. పడమరన ఉంటే పొద్దున నీళ్ళ మీది మెరుపు కళ్ళలో పడి ప్రతి బాతూ నల్లగానే కనబడుతుంది, అట్లాంటి చెరువుకు సాయంత్రం పోండి. నాలుగు చోట్లు గుర్తుపెట్టుకోండి: మత్తడి, తూము, మైసమ్మ గుడి, శిఖం అంచు. ప్రతిసారీ అవే నాలుగు, ఒక్కోచోట పది నిమిషాలు. ఒకరోజు రెండు గంటలు, ఇంకోరోజు పావుగంట చూస్తే ఆ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టడానికి లేదు.

బైనాక్యులర్ 8×42 సరిపోతుంది. 10 రెట్లు పెంచేవి దూరం బాగా చూపిస్తాయి కానీ కట్ట మీద గాలికి చెయ్యి వణికి బొమ్మ నిలవదు. బాతుల వైపు సూటిగా నడవకండి, వాలుగా, పశువులు మేసే నడకలో పోండి. ముందు ఒకటి రెండు మెడలు నిటారుగా లేస్తాయి. తర్వాత గుంపంతా ఒకే దిక్కుకు తిరిగి, మేత ఆపి, మెల్లగా చెరువు నడుమకు జరుగుతుంది. అక్కడే ఆగాలి. ఇంకో అడుగేస్తే లేస్తాయి, ఆ పూట లెక్క పోయినట్టే. ఫోటో కోసం లేపేవాళ్ళు వస్తే, వాళ్ళకన్నా ముందే వచ్చి లెక్క ముగించుకోవడం తప్ప దారి లేదు.

గుంపు పెద్దదైతే పది పిట్టల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టి, ఆ పది ఎంత జాగా ఆక్రమించాయో కంటితో పట్టుకోండి. ఆ జాగాను గుంపు మీద ఎన్నిసార్లు పరచొచ్చో చూసి పదితో గుణించండి. రెండుసార్లు చేసి సగటు రాయండి. "చాలా" అని రాసిన పేజీ రెండేళ్ళ తర్వాత దేనికీ పనికిరాదు.

ఎవరు ముందు, ఎవరు వెనుక

పోయే వరుస ఏటా దాదాపు ఒకటే.

అందరికన్నా ముందు లేచేవి బార్‌హెడెడ్ గూస్ అని పక్షులు చూసేవాళ్ళు పిలిచే పెద్ద బాతులు: బూడిద ఒళ్ళు, తెల్ల తల, నెత్తి వెనుక రెండు నల్ల చారలు. రాత్రి చేలల్లో మేసి పొద్దున పెద్ద నీళ్ళ నడుమకో ఒడ్డు ఇసుకకో వచ్చి పడుకుంటాయి. ఇవి గుడ్లు పెట్టేది టిబెట్, మంగోలియా, మధ్య ఆసియా ఎత్తైన సరస్సుల దగ్గర. హిమాలయాలు దాటేటప్పుడు 7,000 మీటర్ల పైన ఎగిరినట్టు పరికరాలు కట్టి చూసినవాళ్ళు నమోదు చేశారు. శతభిషం, పూర్వాభాద్ర కార్తెల్లో గుంపులు సన్నబడతాయి. అన్ని చెరువులకూ ఇవి రావు, మీ దగ్గర లేకపోతే ఈ గుర్తును వదిలేయండి.

తర్వాత సూదితోక బాతులు. వెనుకే చెంచాలాంటి వెడల్పు ముక్కు బాతులు, చిన్న బాతు గార్గనీ. ఇవి ఉత్తరాభాద్ర నుంచి అశ్విని దాకా సాగదీసి పోతాయి. అన్నీ ఒక్కరోజు లేవవు. మొదట అంకె సగానికి పడిన తేదీ, తర్వాత ఆఖరి పిట్ట తేదీ, రెండూ వేరువేరుగా రాయండి. వసంతానికి మొదటిదే మంచి గుర్తు. ఆఖరిది ఒక్కోసారి రెక్క దెబ్బతిని ఎగరలేక మిగిలిన బాతు అవుతుంది. అది మే నెలలో కూడా కనిపించి లెక్కంతా చెడగొడుతుంది.

గులాబి గోరింకలది వేరే తీరు. జొన్న చేల మీద మందగా పడి రైతుకు చిరాకు తెప్పించేవి ఇవే, మిడతల్ని తినేవీ ఇవే. మాఘ, ఫాల్గుణాల్లో బూరుగు, మోదుగు పూలమీదికి మళ్ళుతాయి, ముఖానికి పుప్పొడి అంటుకుని కనబడతాయి. పొద్దుగూకే ముందు గంట వీటికి మంచి సమయం. సర్కారు తుమ్మల మీదో చెరువు జమ్ము మీదో రాత్రి బసకు దిగే ముందు గుంపులు గుంపులుగా కలిసి ఆకాశంలో మెలికలు తిరుగుతాయి. బస చోటు ఒక్కటి తెలిస్తే చాలు, పగలంతా వెతకాల్సిన పని లేదు. అశ్విని కార్తె దాటాక బస ఖాళీ అవుతుంది.

తోక ఆడిస్తూ నేల మీద తిరిగే కాటుక పిట్టలు (వాగ్‌టెయిల్), వానకోయిలలు ఏప్రిల్లో పోతాయి. పొదల్లో "చక్, చక్" అని నాలుక చప్పుడు చేస్తూ కనిపించీ కనిపించకుండా తిరిగే మట్టిరంగు పిట్ట, బ్లైత్స్ రీడ్ వార్బ్లర్, అందరికన్నా వెనుక. చలికాలమంతా చప్పుడే తప్ప పాట పాడదు. పోయే ముందు పాట మొదలుపెడుతుంది. ఈ మార్పును చెవితోనే పట్టుకోవాలి.

పోయే ముందు వేషం మారుతుంది

ఆఖరి తేదీ కోసం ఎదురుచూడకుండా రెండు మూడు వారాల ముందే తెలిసే గుర్తు ఇది. పసుపు రంగు కాటుక పిట్టను జనవరిలో కోసిన మడిలో బర్రె మూతి పక్కన చూస్తే మాసిన గోధుమరంగులో ఉంటుంది. మార్చిలో అదే మడిలో అదే పిట్ట గొంతు కింద పసుపు తేలుతుంది, తర్వాత పొట్టంతా పసుపు పూసుకున్నట్టవుతుంది, తల రంగు విడిగా తేలుతుంది. తెల్ల కాటుక పిట్టకు చలికాలంలో రొమ్ము మీద నల్ల నెలవంక మాత్రమే ఉంటుంది. మార్చి నాటికి ఆ నలుపు గొంతు దాకా నిండుతుంది. ఇవి కొత్త ఈకలు. గులాబి గోరింకది అట్లా కాదు: ఈకల మట్టిరంగు అంచులు అరిగిపోయి కింద దాగిన గులాబి బయటపడుతుంది.

బాతుల రంగును మాత్రం నమ్మకండి. మగ బాతులు వచ్చేటప్పుడు ఆడవాటిలాగే మాసి ఉంటాయి. సూదితోక మగబాతు డిసెంబర్‌కే పూర్తి రంగు కట్టేస్తుంది, గార్గనీ మరికొంత ఆలస్యం. ఆ రంగు చూసి వసంతం అనుకుంటే చలి నడుమలోనే వసంతం రాసుకున్నట్టు. బాతుల్లో చూడాల్సింది జతలు. ఒక ఆడబాతు చుట్టూ నాలుగైదు మగవి తలలు ఎగరేస్తూ తిరుగుతుంటే పోయే రోజు దగ్గరపడుతున్నట్టే.

రాని అతిథి కోయిల

వసంతం అనగానే కోయిల పేరు చెప్తారు. కోయిల ఎక్కడికీ పోదు. చలికాలమంతా ఇక్కడే రావి, మర్రి పండ్లు తింటూ నోరు మూసుకుని ఉంటుంది. మార్పు గొంతులోనే. "కుహూ" అని గొంతు పెంచుకుంటూ పోయేది నల్ల మగది. మచ్చల ఆడది "కిక్ కిక్ కిక్" అని గబగబా అరుస్తుంది, దాన్ని చాలామంది కోయిలగా లెక్కలోకే తీసుకోరు. జనవరిలో ఒక వెచ్చని పొద్దున ఒకసారి కూసి మళ్ళీ మూడు వారాలు ఊరుకోవచ్చు. కాబట్టి తెల్లవారుజామున వరుసగా మూడు రోజులు వినబడితే, ఆ మూడింట్లో మొదటి రోజును రాయండి. కాకులు పుల్లలు మోయడం మొదలుపెట్టిన తేదీ కూడా దాని పక్కనే ఉండాలి, కోయిల గుడ్లు పెట్టేది కాకి గూట్లోనే కదా.

కంసాలి పిట్ట ఇదే కోవలోది. ఎండ ముదిరేకొద్దీ "టుక్ టుక్ టుక్" ఆగదు. దసరానాడు వెతుక్కుని మరీ చూసే పాలపిట్ట మార్చి నుంచి ఎత్తుకు లేచి, నీలి రెక్కలు విప్పి, అరుస్తూ పల్టీలు కొడుతుంది. దసరాకు చూపించడానికి పంజరంలో పెట్టి తెచ్చేవాళ్ళకు పైసలివ్వకండి, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద పట్టడమే నేరం.

ఈ ఇంటి పిట్టల గుర్తుల్నీ, మోదుగు మొదటి పువ్వు, వేప పూత, కానుగ చిగురు తేదీల్నీ ఎడమ పేజీలో, వలస పిట్టల్ని కుడి పేజీలో రాసుకుంటే పోల్చడం తేలిక. చెట్టు వానకూ ఎండకూ లొంగి ముందూ వెనుకా అవుతుంది. వలస పిట్టలో ఆ తేడా తక్కువ.

పేజీ ఇట్లా ఉండాలి

ఒక్కో సందర్శనకు ఆరు సంగతులు: తేదీ, కార్తెలో ఎన్నో రోజు, చెరువు, నీటి మట్టం, పిట్ట వారీగా అంకె, అది చేస్తున్న పని. నీటి మట్టానికి కొలబద్ద అక్కర్లేదు, తూము మెట్లు ఎన్ని బయటపడ్డాయో రాస్తే చాలు. నమూనాకు: "మార్చి 22, ఉత్తరాభాద్ర 5వ రోజు. ఊరి కుంట, 7 మెట్లు. సూదితోక 0. చెంచాముక్కు 14, మేత. పసుపు కాటుక 6, అందులో 4 పూర్తి రంగు."

ఆ "0" అన్నింటికన్నా విలువైనది. కనబడని పిట్టను చాలామంది రాయరు. రాయకపోతే ఆ రోజు పిట్ట లేదో, మీరు చూడలేదో తర్వాత తెలియదు. వరుసగా నాలుగు సందర్శనల్లో సున్నా వచ్చాకే అంతకుముందు తేదీని "ఆఖరు" అని ఎర్రసిరాతో గీయండి. ధనిష్ఠ, శతభిషాల్లో వారానికి రెండుసార్లు పోతే చాలు. పూర్వాభాద్ర నుంచి అశ్విని దాకా రోజు విడిచి రోజు. పరీక్షలనో కోతలనో ఈ నడుమ పది రోజులు మానేస్తే ఆ ఏటి తేదీని మిగతా ఏళ్ళతో పోల్చకండి, పక్కన "సందు" అని రాసి వదిలేయండి.

వసంతం వచ్చిందని తేల్చడానికి ఒక్క గుర్తు సరిపోదు. బాతులు సగానికి పడడం, కాటుక పిట్ట రంగు కట్టడం, గోరింకల బస సన్నబడడం, కోయిల మూడు రోజుల పాట, పాలపిట్ట పల్టీ: ఈ ఐదింట్లో మూడు ఒకే కార్తెలో పడితే ఆ కార్తెను రాసుకోండి. మా లెక్కలో తేదీ కన్నా కార్తెతో చెప్పడమే నిజాయితీ. రోజు దాకా కచ్చితం చెప్పగలిగే పని కాదిది.

పోలికల్లో పడే పొరపాట్లు

కట్ట మీద ఏడాదంతా తిరిగే నల్లని పెద్ద కాటుక పిట్ట ఒకటుంది. వీపు, గొంతు నలుపు, కంటిపైన తెల్ల కనుబొమ. ఇది వలస రాదు. దీన్ని తెల్ల కాటుక పిట్టతో కలిపితే మీకు "ఆఖరు తేదీ" ఎప్పటికీ రాదు. వలస వచ్చేదానికి వీపు బూడిద, ముఖం తెలుపు.

వానకోయిలల్లోనూ అంతే. నెత్తి మీద ఇటుకరంగు టోపీ, పొట్ట తెల్లగా, తోక నుంచి సన్నని రెండు తీగలు వేలాడేది ఇక్కడిదే. వలసది గొంతు ఎర్రగా, దాని కింద ముదురు నీలి పట్టీ. వంతెన కింద గూళ్ళు కట్టి, తీగ మీద ఎప్పుడూ వాలకుండా ఎగిరేవి అసలు వానకోయిలలే కావు. బాతుల్లో ముక్కు చివర పసుపు మచ్చ ఉన్నది, ఈల వేస్తూ ఎగిరేది, రెండూ మన దగ్గర గుడ్లు పెట్టేవే; వాటిని వేరే గడిలో వేయండి.

చాతకం వచ్చేసరికి

నల్ల వీపు, తెల్ల పొట్ట, నెత్తిన జుట్టు, రెక్క మీద తెల్ల మచ్చ. ఆఫ్రికా నుంచి వచ్చే చాతకాలు రుతుపవనాలకు కాస్త అటూ ఇటూ దిగుతాయి. అది వసంతం గుర్తు కాదు, "మృగశిర కురిస్తే ముంగిళ్ళు చల్లబడతాయి" అనే రోజుల గుర్తు. దక్షిణాదిలో కొన్ని చాతకాలు ఏడాదంతా ఉంటాయి కాబట్టి ఏప్రిల్లో ఒకటి కనబడగానే వానలు ముందున్నాయని రైతులకు చెప్పి విత్తనాలు కొనిపించకండి. రోహిణి కార్తెలో పలుచోట్ల నుంచి పిలుపులు వినబడితే అప్పుడు రాయండి.

అదే సమయంలో ఎండిన శిఖంలో గులకరాళ్ళ నడుమ తీతువు గుడ్లుంటాయి, సాధారణంగా నాలుగు, రాళ్ళ రంగులోనే. గుజరాత్, రాజస్థాన్ రైతులు అవి ఎత్తున పెడితే మంచి వానలని చెప్పుకుంటారు. పోల్చి చూడాలనుకుంటే గుడ్లకూ తూముకూ మధ్య ఎత్తు తేడా రాసుకోండి, నాలుగడుగుల దూరం నుంచే. మట్టి తోలే ట్రాక్టర్లు తిరిగే చెరువైతే పక్కన ఒక కర్ర పాతి డ్రైవర్లకు చూపించండి.

నోట్‌బుక్ లెక్కను ఫోన్లో ఈబర్డ్ యాప్‌లో కూడా ఎక్కించొచ్చు. అక్కడ "చూసిన పిట్టలన్నీ రాశారా" అన్న ప్రశ్నకు నిజంగా అన్నీ రాస్తేనే అవునని కొట్టండి, లేకపోతే మీ సున్నాలు అక్కడ సున్నాలుగా నిలవవు. కాలికి లోహపు ఉంగరమో మెడకు రంగు పట్టీయో ఉన్న పిట్ట కనబడితే దాని మీది అక్షరాలూ అంకెలూ, ఏ కాలికి ఉందో, రంగు, తేదీ, చెరువు పేరు రాసి, దూరం నుంచే ఫోటో తీసి బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపండి. ఉంగరం కోసం పిట్టను పట్టకండి. చచ్చిన పిట్టైతే చేత్తో ముట్టకుండా, కర్రతో తిప్పి అంకె చదివి రాసుకోండి.